గీహోను ఊట నుంచి యొర్దాను ఆనకట్ట దాకా: ఇజ్రాయెల్‌లో నీళ్ల దారి

ఇజ్రాయెల్‌కు వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది చర్చి బృందాలతోనే వెళ్తారు. బేత్లెహేము, ఒలీవల కొండ, గలిలయ, మృత సముద్రం... బస్సు ఎక్కడ ఆగితే అక్కడ దిగడం, గైడు ఎంత చెబితే అంత వినడం. మేం మాత్రం నీళ్ల వెంట తిరిగాం. ఈ నేల మీద ఊరు కట్టిన ప్రతివాడూ, దాన్ని ముట్టడించిన ప్రతివాడూ ముందుగా తేల్చుకోవాల్సి వచ్చింది నీళ్ల సంగతే. యూదుల మూడు వేల ఏళ్ల చరిత్రను రాజుల వరసలో కంటే ఈ దారిలో చూస్తేనే బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

బయలుదేరే ముందు రెండు మాటలు. వీసా ముందే తీసుకోవాలి. అక్కడి పరిస్థితి వారం వారం మారుతూ ఉంటుంది కాబట్టి టికెట్లు కొనకముందే భారత రాయబార కార్యాలయం సూచనలు చూసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం. బస్సులూ రైళ్లూ చాలావరకు ఆగిపోతాయి. ఆ పూట నడిచి చూడగలిగేవే పెట్టుకోండి.

యెరూషలేములో మొదలుపెట్టాల్సింది పాత నగరం లోపల కాదు, బయట. దక్షిణాన పెంట ద్వారం దాటి కిందికి దిగితే దావీదు పట్టణం. ఇంత పేరున్న ఊరు ఇంత ఇరుకు గుట్ట మీద, అదీ చుట్టూ ఉన్న కొండల కంటే పల్లంలో ఎందుకు పుట్టిందంటే, గుట్ట అడుగున కిద్రోను లోయలో గీహోను ఊట ఉంది కాబట్టి. చుట్టుపక్కల ఏడాది పొడవునా పారే నీరు అదొక్కటే. యెరూషలేములో వాన సుమారు 550 మిల్లీమీటర్లు, మన అనంతపురం సగటుకు దగ్గర. అదంతా చలికాలంలోనే పడుతుంది. ఎండాకాలంలో చుక్క రాలదు.

చిక్కేమిటంటే ఊట కోటగోడకు బయట, లోయలో ఉంది. ముట్టడి పడితే నీళ్లు శత్రువు చేతికి పోతాయి. అష్షూరు రాజు సన్హెరీబు క్రీస్తుపూర్వం 701లో యూదా మీదికి వచ్చాడు. యూదా రాజు హిజ్కియా ఊట నీటిని కొండ లోపలి నుంచి పట్టణంలోకి మళ్లించాడని 2 రాజులు 20:20లోనూ, 2 దినవృత్తాంతములు 32:30లోనూ ఉంది. ఆ సొరంగం ఇప్పటికీ పారుతోంది, అందులో నడవొచ్చు.

పొడవు 533 మీటర్లు. తిన్నగా తవ్వి ఉంటే 320 మీటర్లతో అయిపోయేది, మెలికలు తిరిగింది. రెండు కొసల నుంచి రెండు జట్లు తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి. ఇంత పొడవులో వాలు మొత్తం దాదాపు 30 సెంటీమీటర్లే. గోడకు దగ్గరగా టార్చి పట్టి ఉలి గాట్లు చూడండి. గీహోను వైపు నుంచి వస్తున్నంతసేపు దెబ్బలన్నీ ఒక దిక్కుకు వాలి ఉంటాయి. జట్లు కలిసిన చోటు దాటగానే ఎదురు దిక్కుకు తిరుగుతాయి. ఆ చోటుకు కాస్త ఇటూ అటూ, కొంత తవ్వి దారి తప్పామని వదిలేసిన గూళ్లు కూడా ఉన్నాయి. 1880లో సొరంగం దక్షిణపు కొస దగ్గర పిల్లల కంటపడిన శాసనంలో ఇదే కథ ఉంది: ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా అవతలివాడి పిలుపు వినిపించింది, రాతిలో ఒక పగులు ఉంది, గొడ్డలికి గొడ్డలి ఎదురై తవ్వారు, నీళ్లు 1200 మూరలు పారాయి. రాజు పేరు ఎక్కడా లేదు. పనివాళ్ల గొంతే ఉంది. అప్పటి పాలకులు ఒట్టోమన్లు కాబట్టి రాయి ఇస్తాంబుల్ మ్యూజియానికి చేరింది. సొరంగం గారలోని మొక్కల అవశేషాలకు కాలనిర్ణయం చేసి 2003లో ప్రచురించిన పరిశోధన కూడా దాన్ని క్రీస్తుపూర్వం 700 ప్రాంతానికే చేర్చింది.

నడిచేవాళ్లకు: మొదట్లో నీళ్లు తొడల దాకా రావొచ్చు, తర్వాత మోకాళ్లకు దిగుతాయి. వెడల్పు దాదాపు రెండడుగులు. ఎత్తయిన మనిషి కొన్నిచోట్ల బాగా వంగాలి. చివరికి వచ్చేసరికి పైకప్పు చాలా ఎత్తుకు పోతుంది. లోపల దీపాల్లేవు. తలకు కట్టుకునే టార్చి మేలు. ఫోన్ లైటుతో వెళ్తే ఒక చెయ్యి దానికే పోతుంది, జారినప్పుడు గోడ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. హవాయి చెప్పులు మొదటి పది మీటర్లలోనే కాలి నుంచి ఊడి నీళ్లలో పోతాయి, మడమకు పట్టీ ఉన్న శాండల్స్ కావాలి. చీరతో వద్దు. వీపు సంచీ గోడలకు రాసుకుంటుంది, ముందుకు తగిలించుకోండి. మధ్యలో బయటికి దారి లేదు. వెనక మనుషులు ఉంటారు కాబట్టి తిరిగి రావడం కూడా కుదరదు. ఇరుకంటే భయపడేవాళ్లూ, మోకాళ్ల నొప్పులవాళ్లూ పక్కనే ఉన్న పొడి సొరంగంలో వెళ్లాలి. కనానీయుల కాలంలో తవ్విన కాలువ అది. సొరంగంలోకి ప్రవేశం మూసే వేళకు చాలా ముందే ఆపేస్తారు, అందుకని పొద్దున్నే వెళ్లండి.

బయటికి రాగానే కనిపించే చిన్న మడుగును సిలోయము కోనేరనుకుని ఫొటోలు తీసుకుని వెళ్లిపోతుంటారు. అది బైజాంటైన్ కాలపుది. యేసు కాలం నాటి కోనేటి మెట్లు ఇంకొంచెం కిందకు ఉన్నాయి. 2004లో మురుగు పైపు మరమ్మతు చేస్తుంటే బయటపడ్డాయి. అక్కడి నుంచి కొండ ఎక్కకుండా, హేరోదు కాలపు రాతి వీధి కింద ఉన్న మురుగుకాలువలో నడుస్తూ పడమటి గోడ ఛాయలకు చేరొచ్చు. క్రీస్తుశకం 70లో రోమన్లు యూదుల ఆలయాన్ని తగలబెట్టినప్పుడు జనం నేల కింది దారుల్లో దాక్కున్నారని ఆనాటి యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. పడమటి గోడ దక్షిణపు కొసన ఉన్న రాబిన్సన్ కమాను దగ్గర, పైనుంచి దొర్లించిన బండలు ఆనాటి వీధిని పగలగొట్టి పడినచోటే ఉన్నాయి. పడమటి గోడ అంటే ఆలయపు గోడ కాదు, హేరోదు ఆలయ ప్రాంగణాన్ని పెంచడానికి కట్టిన ఊతగోడ. 488 మీటర్లలో ప్రార్థనల మైదానం ముందు కనిపించేది 57 మీటర్లే. మిగతాది చాలావరకు ఇళ్ల వెనకా, నేల కిందా ఉంది. ఆ కింది సొరంగానికి టికెట్ వారాల ముందే బుక్ చేసుకోవాలి.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్లడం బాగుండదు. ఈ తవ్వకాలన్నీ సిల్వాన్ అనే పాలస్తీనీయుల బస్తీ నడుమ, వాళ్ల ఇళ్ల కింద జరుగుతున్నాయి. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ చేతికి వచ్చిన ప్రాంతమిది. దాన్ని ఆక్రమిత ప్రాంతంగానే చూసే దేశాలు ఎక్కువ. టికెట్ కౌంటర్ దగ్గరి బోర్డులు ఆ సంగతి చెప్పవు.

యెరూషలేము సెంట్రల్ బస్ స్టేషన్ నుంచి 444, 486 నంబర్ బస్సులు మృత సముద్రపు ఒడ్డున మసాడా వైపు వెళ్తాయి. మసాడా కథ అందరికీ తెలిసిందే: యెరూషలేము పడిపోయాక తిరుగుబాటుదారులు ఈ కొండకోటలో నిలవడం, 73లోనో 74లోనో రోమన్ సేనాని ఫ్లేవియస్ సిల్వా పదో లెజియన్ అనే సైనిక దళంతో వచ్చి పడమర వైపు మట్టికట్ట పోసి ఎక్కడం, లోపల 960 మంది చచ్చిపోవడం. చెప్పింది జోసీఫస్ ఒక్కడే. అన్ని శవాలు తవ్వకాల్లో దొరకలేదు. నన్ను అడిగితే ఆ కథ కంటే గొప్పవి అక్కడి తొట్లు. ఏడాదికి 50 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోటు అది. చలికాలంలో ఎగువ కొండల మీద వాన కురిస్తే రెండు వాగులు కొద్ది గంటలు ఉరకలేస్తాయి. హేరోదు మనుషులు ఆ వాగులకు అడ్డుకట్టలు వేసి, గార పూసిన కాలువలతో కొండ వాయవ్యపు వాలులో తొలిచిన 12 తొట్లకు నీరు మళ్లించారు. మొత్తం సుమారు 40,000 ఘనపు మీటర్లు, అంటే నాలుగు కోట్ల లీటర్లు. అక్కడి నుంచి పైకి మోయడం గాడిదల పని, మనుషుల పని. ఇక్కడ తమాషా ఏమిటంటే ముట్టడిలో ఉన్నవాళ్లకు నీళ్లున్నాయి. ముట్టడించిన సైన్యానికే లేవు. రోమన్లు తిండితో పాటు నీళ్లనూ దూరం నుంచి బందీలైన యూదుల చేత మోయించుకున్నారు.

పైకి కేబుల్ కారు ఉంది. నడిచి ఎక్కే పాము దారి 350 మీటర్ల ఎత్తు, గంట పడుతుంది. ఎండలు ముదిరితే పొద్దెక్కాక దాన్ని మూసేస్తారు. రోమన్ల మట్టికట్ట మీదుగా ఎక్కాలంటే అరాద్ ఊరి వైపు నుంచి రావాలి. మృత సముద్రం వైపు నుంచి అక్కడికి కారు దారి లేదు, మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి చాలామంది దీనికి బోల్తా పడతారు. పైన దక్షిణపు కొసన మెట్లు దిగి లోపలికి వెళ్లగలిగే పెద్ద తొట్టి ఉంది. గైడ్లు దాన్ని తరచూ వదిలేస్తారు, మీరు వదలొద్దు.

కిందనున్న మృత సముద్రం మట్టం సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది, ఏడాదికి మీటరుకు మించి పడిపోతోంది. యొర్దాను నీటిని ఇజ్రాయెల్, జోర్డాన్, సిరియా పైనే వాడేసుకుంటున్నాయి; దీనికి తోడు రెండు ఒడ్డులా ఖనిజాల ఫ్యాక్టరీలు నీటిని ఆరబెడుతున్నాయి. ఉప్పునీరు వెనక్కి పోయిన చోట భూగర్భంలోని మంచినీరు పాత ఉప్పు పొరను కరిగిస్తుంది, లోపల గుల్లవుతుంది, ఒకనాడు పైనేల కూలుతుంది. ఎన్‌గెదీ బీచ్ ఇలాగే మూతపడింది. అందుకే కంచె దాటి ఒడ్డుకు నడవొద్దు. హోటళ్లున్న ఎన్‌బొకేక్‌లో మీరు తేలేది నిజానికి ఫ్యాక్టరీ ఆవిరి చెరువులో. అక్కడ అడుగున ఉప్పు పేరుకుని మట్టం పెరుగుతోంది! దిగేటప్పుడు వెల్లకిలానే పడుకోవాలి, పది పదిహేను నిమిషాలు చాలు. ముందురోజు గడ్డం గీసుకోవద్దు. వెండి పట్టీలు, మెట్టెలు తీసి దిగండి, నల్లబడిపోతాయి.

రోమన్ల మీద యూదులు చేసిన బార్ కోఖ్బా తిరుగుబాటును 135లో అణిచాక రోమన్ చక్రవర్తి హాడ్రియన్ యూదయ పేరును సిరియా పాలస్తీనాగా మార్చి, యూదులను యెరూషలేములో అడుగుపెట్టనివ్వలేదు. వాళ్ల చదువుల కేంద్రం ఉత్తరాన గలిలయకు మారింది. సిప్పోరీలో క్రీస్తుశకం 200 ప్రాంతంలో యూదు మతగురువు యూదా హనాసి మిష్నా అనే ధర్మశాస్త్ర సంకలనాన్ని కూర్చాడు. ఆ ఊరి రాతి కాలువా, కొండలో పొడుగ్గా తొలిచిన జలాశయమూ చూస్తే ఓడిపోయిన జనం ఊళ్లు విడిచి పూర్తిగా చెదిరిపోలేదని తెలుస్తుంది.

ఆధునిక కథ తెలియాలంటే టెల్ అవీవ్ నుంచి యెరూషలేముకు ఎక్కే ఒకటో నంబర్ రోడ్డు చాలు. 1930లలో అప్పుడు ఇక్కడ పాలిస్తున్న బ్రిటిష్ వాళ్లు మైదానంలోని రోష్ హాయిన్ ఊటల నుంచి యెరూషలేముకు పైపు వేశారు. పంపింగ్ స్టేషన్లలో ఒకటి లాత్రున్ దగ్గర. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి 33–13 ఓట్లతో పాలస్తీనా విభజనను ఆమోదించింది (భారత్ వ్యతిరేకంగా ఓటేసింది). 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పాటు ప్రకటన వెలువడింది. ఆ రోజుల్లో యూదులకూ అరబ్బులకూ జరిగిన యుద్ధంలో లాత్రున్ జోర్డాన్ సైన్యమైన అరబ్ లెజియన్ చేతిలో ఉంది, పైపు ఆగిపోయింది. నగరంలోని యూదు అధికారులు పాత ఇళ్ల నేలమాళిగల్లో జనం వాడకం మానేసిన వాననీటి తొట్లను ముందే లెక్క తీసి, నింపి, మూతలు బిగించి ఉంచారు. వాటి నుంచే ఇంటింటికీ కొలిచి పోశారు. షార్ హగాయ్ దగ్గర పాత పంపు ఇల్లు, ఆ యుద్ధంలో నగరానికి సరుకులు మోసిన కాన్వాయ్‌ల తుప్పుపట్టిన బండ్లు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. అదే యుద్ధంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు కోల్పోయారు. ఆ దారి పక్క గుట్టల మీద పైన్ చెట్ల మధ్య పాత మిద్దెల రాళ్లు కనిపిస్తే అవి చాలావరకు వాళ్ల ఊళ్లవే.

ఉత్తరాన గలిలయ సముద్రం, అంటే కిన్నెరెత్ మంచినీటి సరస్సు, సముద్రమట్టానికి 210 మీటర్ల దిగువన ఉంది. 1964లో మొదలైన జాతీయ జలవాహిని ఇక్కడి నీటిని 250 మీటర్లకు పైగా ఎత్తి, బేత్ నెతోఫా లోయలో 17 కిలోమీటర్ల తెరిచిన కాలువలో పారించి, తర్వాత 108 అంగుళాల పైపులో దక్షిణానికి తోలింది. పాలస్తీనీయుల సాయుధ సంస్థ ఫతా మొదటి దాడి 1965 జనవరి మొదట్లో దీని మీదే. నెగెవ్ ఎడారి అంచున హత్సెరీమ్ కిబ్బుట్జ్‌లో (కిబ్బుట్జ్ అంటే సమష్టి వ్యవసాయ గ్రామం) అదే ఏడాది పుట్టిన నెటాఫిమ్ కంపెనీ డ్రిప్ పైపులు మన రాయలసీమ బత్తాయి తోటల్లోనూ ఉన్నాయి. కుప్పంలో 1990లలో చేసిన ఇజ్రాయెల్ పద్ధతి సాగు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు తాగునీటిలో ఎక్కువ భాగం మధ్యధరా తీరంలో ఉప్పు తీసిన సముద్రపు నీరు. దాన్ని తిరిగి కిన్నెరెత్‌లోకే నింపడానికి కూడా పైపులు వేశారు.

సరస్సు నుంచి యొర్దాను బయటికి వచ్చే చోట దెగాన్యా, 1910లో మొదలైన తొలి కిబ్బుట్జ్. 1948లో అక్కడ ఆగిపోయిన సిరియా ట్యాంకు ఇంకా ఉంది. పక్కనే యర్దెనీత్, మన బృందాలు బాప్తిస్మానికి వచ్చే రేవు. నీళ్లు శుభ్రం, మెట్లూ కమ్మీలూ ఉన్నాయి, తెల్లంగీలు అక్కడే ఇస్తారు. పాదాలను చేపలు కొరికితే కంగారు పడొద్దు. సంప్రదాయం చెప్పే అసలు చోటు ఇది కాదు. అది యెరికో దగ్గర వెస్ట్ బ్యాంక్‌లోని కస్ర్ ఎల్ యహూద్, 2011 నుంచి రోజూ తెరుస్తున్నారు. అక్కడ యొర్దాను సన్నని బురద కాలువ. అవతలి ఒడ్డు జోర్డాన్ దేశం. మునగాలంటే యర్దెనీత్, చోటే ముఖ్యమనుకుంటే యెరికో, ముందే తేల్చుకుని బృందం నాయకుడికి చెప్పండి. ఈ తేడా ఎందుకో తెలియాలంటే యర్దెనీత్ నుంచి దిగువకు కొద్ది దూరంలో ఉన్న అలుమోత్ ఆనకట్ట దాకా వెళ్లాలి. సరస్సు నుంచి వచ్చే మంచినీరు చాలావరకు అక్కడే ఆగుతుంది. సరస్సు ఉప్పగా మారకుండా ఒడ్డున పక్కకు మళ్లించిన ఉప్పు ఊటల కాలువ వచ్చి కట్ట దిగువన నదిలో కలుస్తుంది.