కావలి నుంచి నెల్లూరు దాకా: రైల్లో చదివిన నవలల లెక్క

ఈ జనవరిలో సంక్రాంతి సెలవులు ముగియగానే నాకు నెల్లూరుకు బదిలీ అయింది. కాపురం కావలిలోనే ఉంచి సీజన్ టికెట్ తీసుకున్నాను. బిట్రగుంట, అల్లూరు రోడ్డు, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి సుమారు గంట పడుతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణానికి మరో గంట. మొదటి వారం ఆ రెండు గంటలూ ఫోన్ చూస్తూనే గడిచిపోయాయి. దిగేటప్పుడు చూసినదేమిటో ఒక్కటీ గుర్తులేకపోవడంతో నా మీద నాకే విసుగు పుట్టి, కాలేజీ రోజుల్లో వదిలేసిన నవలలను మళ్ళీ చేతికి తీసుకున్నాను. అప్పటి నుంచి ఒక నోటుపుస్తకంలో తేదీ, మొదలుపెట్టిన పేజీ, ఆపిన పేజీ, ఆపినచోట మనసులో మిగిలిన ఒక్క వాక్యం రాసుకుంటున్నాను. ఇది ఐదో నెల. నాలుగు నవలలు పూర్తయ్యాయి, ఐదోది సంచిలో ఉంది.

మొదట కొన్ని పనికొచ్చే సంగతులు. ఉదయం రైలు దక్షిణానికి వెళ్తుంది కనుక ఎండ ఎడమవైపు కిటికీల్లోంచి పడుతుంది. సాయంత్రం ఉత్తరానికి వస్తుంది కనుక అప్పుడూ ఎడమవైపే పడుతుంది. అందువల్ల రెండు పూటలా బండి వెళ్ళే దిక్కుకు కుడివైపున కూర్చుంటే వెలుతురు ఉంటుంది, కళ్ళు చెదరవు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. కుదుపుల్లో పదాల కింద గీత గీయబోతే పెన్సిలు పక్క వరుసలోకి పోతుంది. అందుకని అంచున ఒక నిలువు గీత మాత్రమే గీస్తున్నాను. ఫోన్ సంచి అడుగున, అన్నం డబ్బా కింద ఉంటుంది. తీయాలంటే డబ్బా తీయాలి, డబ్బా తీస్తే పక్కవారు పలకరిస్తారు, ఆ మొహమాటమే నన్ను కాపాడుతోంది. చదువు మొదలుపెట్టిన వారం ఒక ప్రయాణానికి తొమ్మిది పేజీలు చదివినవాణ్ణి క్రమంగా ఇరవై రెండు, ఇరవై మూడు దాకా వచ్చాను. అయితే ఈ అంకె నా అభ్యాసం కన్నా చేతిలో ఉన్న నవల నడకనే ఎక్కువగా చెబుతుందని తరువాత తెలిసింది.

మొదటిది పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. తొమ్మిది పనిదినాల్లో ముగిసింది. 1957, 1958 సంవత్సరాల్లో తెలుగు స్వతంత్ర పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల కావడం వల్లనేమో, ప్రతి భాగమూ ఒక మలుపు దగ్గర ఆగుతుంది, నా స్టేషనూ సరిగ్గా అక్కడికే వస్తుంది. రైలు చదువుకు ఇంతకంటే అనువైన నవల నాకు ఇంకా దొరకలేదు. ఇరవై ఏళ్ళ వయసులో చదివినప్పుడు ఇందిర స్వార్థపరురాలని తీర్మానించుకున్న గుర్తు. ఇప్పుడు చదివితే, సంపాదించి తండ్రిని పోషిస్తూ, తన బతుకు లెక్క తాను చూసుకోగల ఏకైక వ్యక్తి ఆమేనని అనిపించింది. కోపమంతా ప్రకాశం మీదికి మళ్ళింది. మేడ మీద గదిలో ఉండి వైద్యం చదివే ఆ యువకుడు ఏ నిర్ణయమూ తాను తీసుకోడు, ఎవరో తీసుకున్నదానికి తల ఊపుతాడు. పేరు మా పక్క జిల్లాది. ధైర్యం మాత్రం, ఆ జిల్లాకు పేరు తెచ్చిపెట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారిది కాదు. మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము చూపిన మనిషి పేరు పెట్టుకుని మేనమామ ముందు నోరు మెదపలేని కుర్రవాణ్ణి చూసి, కొడవలూరు దాటాక ఒక్కణ్ణే నవ్వుకున్నాను. రచయిత్రి వృత్తిరీత్యా వైద్యురాలు, 1961లో చిన్న వయసులోనే కన్నుమూశారు. మరో నవల రాసి ఉంటే ఎలా ఉండేదోనని చివరి పేజీ మూసినప్పుడు అనుకోని పాఠకుడు ఉండడు.

రెండోది విశాఖ రచయిత రావిశాస్త్రిగారి 'అల్పజీవి'. దీన్ని రైల్లో మొదలుపెట్టడం నా పొరపాటు. గుమాస్తా సుబ్బయ్య భయం అతని తలలోపలే తిరుగుతూ ఉంటుంది. ఒక ఆలోచన ఇంకోదాన్ని లాగుతుంది, అది మూడోదాన్ని లాగుతుంది. మధ్యలో వేరుశనక్కాయల అతను అరిస్తే ఆ దారం తెగిపోయి మళ్ళీ పేజీ మొదటికి రావాలి. నాలుగు రోజులు తంటాలు పడి, పుస్తకాన్ని ఇంటికి మార్చి, తెల్లవారుజామున ఐదు గంటలకు వంటింటి దీపం కింద చదివాను. అప్పుడు గాని పట్టు దొరకలేదు. నేనూ గుమాస్తా ఉద్యోగంలోనే ఉన్నాను కనుక, కాంట్రాక్టరు గవరయ్య ఎదుట సుబ్బయ్య నోట మాట పెగలని ఘట్టాలు చదువుతున్నప్పుడు నవ్వాలో బాధపడాలో తెలియలేదు. ఆ వారం మా కార్యాలయంలో పైఅధికారి పిలిస్తే, వెళ్ళేముందు చొక్కా సర్దుకుంటున్న నా చేతులను నేనే గమనించాను. నవల నుంచి ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే అయినా చాలు. విశాఖ రచయితలను చదివేవారికి ఒక సూచన: నోటుపుస్తకం చివర నాలుగు పేజీలు మాటల కోసం ఉంచుకోండి. అక్కడ 'గుంట' అంటే ఆడపిల్ల. మాకు గుంట అంటే నీళ్ళు నిలిచే గొయ్యి. ఆ తేడా తెలియకపోతే వాక్యం తలకిందులవుతుంది.

మూడోది ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. ఇది సుమారు ఆరు వారాలు పట్టింది, ఆలస్యానికి నవల ఒక్కటే కారణం కాదు. పాత పుస్తకాలమ్మే ఒక దుకాణంలో చవకగా దొరికిందని కొన్న ప్రతిలో, నడిమధ్యన ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, రెండుసార్లు కుట్టి ఉంది. దాని బదులు ఉండవలసిన పదహారు పేజీలు లేవు. బిట్రగుంట దగ్గర ఒక సంభాషణ మళ్ళీ మొదలైతే నేనే మరిచిపోయి తిరిగి చదువుతున్నాననుకున్నాను. రచయిత 1958లో మరణించారు కనుక నవల మీద హక్కుల గడువు ముగిసిపోయింది, నెట్‌లో దొరికిన స్కాన్ ప్రతి నుంచి ఆ పేజీలు ఫోన్లో చదువుకున్నాను. అన్నం డబ్బా నియమాన్ని తప్పింది ఆ ఒక్క రోజే. పాత పుస్తకం కొనేటప్పుడు అట్ట చూసి మురిసిపోకుండా, పదహారేసి పేజీలకు ఒకసారి అంకెలు సరిచూసుకోవాలని నేర్చుకున్నాను.

నవల సంగతికి వస్తే, రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాసినదని తెలిసి చదివితే దాని తీరు అర్థమవుతుంది. కొన్నిచోట్ల పాత్రలు సిద్ధాంతాలు మాట్లాడుకుంటూ పోతాయి. అక్కడ నా లెక్క ప్రయాణానికి పదకొండు పేజీలకు పడిపోయింది. ధనికులను దోచే తక్కెళ్ళ జగ్గడు వచ్చినప్పుడు ముప్పై దాటింది. అయితే మనసులో నిలిచినవి ఆ సాహసాలు కావు. భూస్వామి చౌదరయ్య చేతిలో కొడుకు సంగదాసు చనిపోయిన తరువాత రామదాసు కుటుంబం ఆ దుఃఖాన్ని మోసిన తీరు నిలిచింది. రామదాసు సహనం నాకు ఒక్కోచోట మింగుడుపడలేదు, ఇంత ఓర్పు ఎవరికి లాభమని అంచున రాసుకున్నాను. 1922లో వచ్చిన పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించడం, తరువాత కొన్ని మార్పులతో అనుమతించి 1936లో మళ్ళీ నిషేధించడం, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని విముక్తి కలగకపోవడం చూస్తే, ఆ ఓర్పులో ఏం కనిపించి ప్రభుత్వం భయపడిందో ఆలోచించవలసినదే.

నాలుగోది కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు'. చిన్న నవల. ఈనిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు; దొరికిన పంది అతణ్ణే దగ్గరికి రానివ్వదు. అక్కడ చదువుతున్నప్పుడు, బిట్రగుంటలో తోటకూర గంపతో ఎక్కిన పెద్దావిడ నా పెన్సిలు వైపు చూసి అడిగింది.

"ఏంది నాయనా, ఈ వయసులో పరీచ్చలా?"

"పరీక్షలు కాదు పెద్దమ్మా, కత."

"కతయితే బయటికి చదవరాదా, మేం గూడా ఇంటాం గదా."

సిగ్గుపడుతూనే గొంతు పెంచాను. ఎదుటి వరుసలో ఇద్దరు మాటలాపారు. పంది ముసలివాడి మీదికి వచ్చే చోట ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఈనిన పంది కాడికి సాకినోడైనా పోగూడదు నాయనా. దానికి అప్పుడు మనిషీ నక్కా ఒకటే." మూడు పేజీలుగా రచయిత చూపిస్తున్నది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. పైగా ఇంత అనుభవం ఉన్న ముసలాయన అంత దగ్గరికి ఎందుకు పోయినట్టని ఆమె వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పడుగుపాడులో దిగిపోయింది. నేను ఆ సాయంత్రమే పుస్తకం ముగించాను. నాలుగు రోజుల తరువాత మళ్ళీ కనిపించి, ముసలాయన ఏమయ్యాడని అడిగితే కథ చెప్పేయబుద్ధి కాలేదు. మర్నాడు పుస్తకం తెచ్చి, ఆమె దిగిన చోటు నుంచి మళ్ళీ చదివాను. ఆ పేజీలు నా లెక్కలో రెండుసార్లు ఉన్నాయి, కొట్టివేయలేదు.

ఇప్పుడు బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' నడుస్తోంది. తల్లి గురించి లోకం అనుకునే మాటల నీడలో పెరిగిన దయానిధి, ఎవరి ప్రేమనూ నమ్మలేక ప్రతిదాన్నీ విప్పి చూసుకుంటాడు. ప్రయాణానికి ఎనిమిది పేజీలు దాటడం లేదు. 'అల్పజీవి' లాగా దీన్నీ తెల్లవారుజాముకు మార్చుదామనుకున్నాను గాని, ఇక్కడ దారం తెగినా నష్టం కనిపించడం లేదు. ఒక పేజీ చదివి కిటికీలోంచి వరి పొలాలు చూస్తూ కూర్చుంటే అది కూడా చదువులో భాగంగానే ఉంది. అతని జీవితంలోకి వచ్చే స్త్రీలలో కోమలి ఉన్న పేజీల అంచున గీతలు ఎక్కువయ్యాయి, అమృతం ఉన్నచోట ఒక్కటీ లేదు. కారణం ఇంకా తేలలేదు. పెద్దావిడ నిన్న పుస్తకం అట్ట చూసి ఇదేం కత అని అడిగింది. ఒక డాక్టరు కథ అన్నాను. చదవమనలేదు, గంప సర్దుకుని కిటికీ పక్కన కునుకు తీసింది. నిన్నటికి 146వ పేజీ, ఆపినది తలమంచి దగ్గర.