ఆమిష్ పల్లెలో పొగాకు షెడ్డు

ఈ శనివారం అమ్మానాన్నలని పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీకి తీసుకెళ్లాం. ఆమిష్ అంటే ఇళ్లకి కరెంటు లైను, సొంత కార్లు వద్దనుకుని పాత పద్ధతిలో బతికే క్రైస్తవులు, వాళ్ల పల్లెలు చూపించి వాళ్లింట్లో భోజనం పెట్టించే టూర్. వ్యాన్ నడిపినావిడ ఆమిష్ కాదు కానీ ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిందట. ఎక్కగానే చెప్పింది, మొహాలు కనపడేలా ఎవరికీ ఫోటోలు తీయొద్దని. నాకు బాగా నచ్చింది. వాళ్ల ఊళ్లో వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు, వెళ్లి చూస్తున్నది మనం.

బర్డ్ ఇన్ హ్యాండ్ అనే ఊరు దాటి చిన్న రోడ్డులోకి తిరిగాక అన్నీ మొక్కజొన్న చేలే. బూడిదరంగు గుర్రబ్బళ్లు, కాలితో నెట్టుకునే స్కూటర్ల మీద పిల్లలు, పొలంలో కంచర గాడిదలు. నాన్న అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు, ఒక షెడ్డు కనపడగానే "అది పొగాకేనే!" అన్నారు. నిజమే, పొగాకే. నాన్న టంగుటూరు దగ్గర ముప్పై ఏళ్లు అదే పండించారు. మన దగ్గర ఆకు కోసి కర్రలకి అల్లి బ్యారన్ అనే గదిలో వేడి మీద మగ్గబెడితే వారంలో తేలిపోతుంది. ఇక్కడ మొక్కని మొదలంటా నరికి, కర్రకి గుచ్చి, షెడ్డులో తలకిందులుగా వేలాడదీస్తారు, గోడ చెక్కల సందుల్లోంచి వచ్చే గాలికే వారాల తరబడి ఆరాలి. రైతు ఒక ఆకు తెంపి చేతిలో పెడితే నాన్న మధ్య ఈనె వంచి చూశారు. విరగలేదు. "ఇంకా పచ్చిగా ఉందని చెప్పు" అన్నారు, నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆయన నవ్వి తల ఊపాడు. తర్వాత రేటు గురించి, కూలీల గురించి ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు, వ్యాన్ ఆవిడ టైమ్ అయిందంటున్నా వినలేదు.

భోజనం ఇంకో ఇంట్లో. కోడి, వెన్న వేసిన నూడుల్స్, ఆపిల్ బటర్‌తో రొట్టె, చౌచౌ అని బీన్స్, కాలీఫ్లవర్ లాంటివన్నీ వెనిగర్‌లో పంచదార వేసి ఊరబెట్టింది. "పచ్చట్లో పంచదార ఏంటే" అంటూనే అమ్మ రెండోసారి వేయించుకుంది. చివర్లో షూఫ్లై పై, అడుగున మొలాసిస్, పైన పొడిపొడిగా పిండి, అచ్చం ముదురు బెల్లం పాకం రుచి. అమ్మకి అది బాగా నచ్చింది.

వంటింట్లో ఫ్రిజ్ ఉంది, ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తుంది. ఫోన్ కూడా ఉంది, కాకపోతే ఇంట్లో కాదు, దారి చివర చిన్న గదిలో. ఇంట్లో మోగుతుంటే పక్కింటికి వెళ్లి మాట్లాడటం పోతుందని. అంటే యంత్రాలంటే భయం కాదు. పాతిక, ముప్పై కుటుంబాలు కలిసి ఒక చర్చి, ఏది రానివ్వాలో ఏది వద్దో ఆ చర్చి వాళ్లంతా కూర్చుని తేల్చుకుంటారు. 1693లో యూరప్‌లో యాకోబ్ అమ్మన్ అనే క్రైస్తవ మతపెద్ద వెంట తమ మిగతా మతస్థుల నుంచి విడిపోయిన వాళ్ల వారసులు వీళ్లు, ఇప్పటికీ ఇదే పద్ధతి. నాన్న అన్నారు, "మనూళ్లో ట్రాక్టర్ వచ్చినప్పుడు ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఎడ్లు ఎప్పుడు పోయాయో కూడా తెలీలేదు." నాకూ అదే అనిపిస్తోంది, మా ఇంట్లోకి వచ్చిన ప్రతి స్క్రీన్ దానంతటదే వచ్చింది, కావాలా అని మేం ఒక్కసారీ కూర్చుని మాట్లాడుకోలేదు.

ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. చదువు ఎనిమిదో క్లాసుతో సరి. 1972లో అమెరికా సుప్రీంకోర్టు కూడా వీళ్ల పక్షానే తీర్పిచ్చింది. తిరుగు ప్రయాణంలో అమ్మ, "వడ్డించిన ఆ పిల్లకి ఇంకా చదువుకోవాలనుంటే?" అంది. అమ్మని ఎనిమిదితోనే ఆపేశారు. చర్చిలో చేరే బాప్తిస్మం పెద్దయ్యాక ఎవరిష్టంతో వాళ్లే తీసుకుంటారు, ఎక్కువ మంది ఉండిపోతారు కూడా, కానీ ఎనిమిదితో ఆగిన పిల్లకి బయటికెళ్లే దారి ఎంత ఉంటుంది? ఊరంతా కలిసి నిర్ణయించినా సరే, ఇది నేను ఒప్పుకోలేను, అమ్మ తరఫున అసలే ఒప్పుకోలేను.

వసంతంలో ఇక్కడ ఫైర్ కంపెనీల (మంటలార్పే దళాల) కోసం వేలంపాటలు జరుగుతాయట, బురద నేల మీద పెడతారని మడ్ సేల్ అంటారు, బొంతలు, పనిముట్లు, గుర్రాలు అన్నీ అమ్ముతారు. అప్పటికి అమ్మానాన్న ఉండరు, పిల్లల్ని తీసుకుని మేం వెళ్తాం. ఈ ఏడు ఆకు ఎంత పలికిందో ఆ రైతుని కనుక్కుని ఫోన్ చేయమని నాన్న ఇప్పటికే పని అప్పజెప్పారు.