టక్ టక్ ఆగింది

మా 2008 టొయోటా ప్రియస్ కారు స్పీడ్ బంప్ ఎక్కితే చాలు, ముందు ఎడమవైపు నుంచి టక్ టక్. హైబ్రిడ్ కదా, మెల్లగా వెళ్తున్నప్పుడు ఇంజిన్ ఆగిపోయి బ్యాటరీ మీద నడుస్తుంది. ఇక ఆ చప్పుడొక్కటే వినాలి. షాపులో చెప్పిన రేటు విని, స్ట్రట్లు (చక్రాల దగ్గర కుదుపుల్ని ఆపే షాక్ అబ్జార్బర్లు) నేనే మారుద్దామని శనివారం పొద్దున్నే దిగాను.

ఈ కారులో స్ట్రట్‌ని పైన బిగించే నట్లు వైపర్ల కింద దాక్కుంటాయి. వైపర్లు, వాటి మోటారు, కింది రేకు అన్నీ పీకితే గానీ కనపడవు. స్ప్రింగ్‌ని నొక్కిపెట్టి బిగించే సాహసం నావల్ల కాదని, స్ప్రింగ్‌తో సహా వచ్చే సెట్టే కొన్నాను. అసలు తిప్పలు పెట్టింది స్వే బార్ లింక్, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే బార్‌ని స్ట్రట్‌కి కలిపే చిన్న కడ్డీ. న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి, నట్టు తిప్పితే బోల్టూ దాంతోపాటే తిరుగుతోంది. రెండు గంటలు! చివరికి హాక్సా బ్లేడుతో కోసేశాను, కళ్లద్దాల నిండా తుప్పు పొడి. వీడియో కాల్‌లో అమ్మ: "ఏరా, ఇంకా కారు కిందే ఉన్నావా? అన్నం తిన్నావా?"

రెండో వైపు గంటన్నరలో అయిపోయింది. స్టీరింగ్ కాస్త కుడికి లాగుతోంది, రేపు చక్రాలు తిన్నగా సర్దించడానికి అలైన్‌మెంట్‌కి ఇవ్వాలి. నిన్న రాత్రి అదే బంప్ మీద రెండుసార్లు వెళ్లొచ్చాను. చప్పుడు లేదు. ఇప్పుడు డాష్‌బోర్డులో ఇంకేదో కిరకిరమంటోంది.