హైదరాబాద్ ఎటు పెరుగుతుందో కంప్యూటర్‌ని అడిగాను: నా అనుభవం

2031 నాటికి హైదరాబాద్ ఎటువైపు పెరుగుతుంది? ఇదే నా ఎంటెక్ ప్రాజెక్టు. పద్ధతి చెప్పడానికి తేలికే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. 2001, 2011 చిత్రాలను 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఏ పొలం ఇళ్లుగా మారిందో కంప్యూటర్‌కి చూపిస్తాం. పక్క గళ్లలో ఏముంది, రోడ్డు ఎంత దూరం, నేల వాలు ఎంత అని చూసుకుని అది 2021 మ్యాప్ గీస్తుంది. అసలు 2021తో అది సరిపోలితేనే 2031కి వెళ్లాలి.

ఏప్రిల్ చిత్రాలతోనే మొదటి దెబ్బ తగిలింది. ఎండిన చేలు, మన గుట్టల మీది గ్రానైట్ బండలు, సిమెంటు కప్పులు ఉపగ్రహానికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఒక్క ఇల్లు కూడా లేని గుట్ట మీద నా మ్యాప్‌లో కాలనీ వెలిసింది. వానలు తగ్గి పైర్లు పచ్చగా ఉన్న నెలల చిత్రాలు తెచ్చి అంతా మళ్లీ మొదటి నుంచి చేశాను. మూడు వారాలు పోయాయి.

ఈసారి నా 2021 మ్యాప్ అసలు దానితో 90 శాతానికి పైగా సరిపోలింది. సంబరంగా మా గైడ్ మేడం దగ్గరికి వెళ్లాను. "పదేళ్లలో ఏమీ మారలేదని రాసిచ్చినా ఎంత వస్తుందో చూశావా?" అన్నారు. చూస్తే దాదాపు అంతే వచ్చింది! ఎక్కువ గళ్లు అసలు మారవు కదా. మారిన గళ్లు మాత్రమే లెక్కేస్తే, సగం కూడా పట్టుకోలేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తప్పిపోయిన గళ్లన్నీ నగరానికి పడమర, కోకాపేట, నార్సింగి, కొల్లూరు వైపే. నేనిచ్చినవి 2001 నాటి రోడ్లు, అందులో నగరం చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు లేదు. 158 కిలోమీటర్ల ఔటర్‌ని గీతలా గీసి ఇస్తే దాని పొడవునా ఊళ్లు మొలిపించింది. కానీ ఔటర్‌ మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం. ఔటర్ దూరం తీసేసి, దాని మీదికి ఎక్కే, దిగే చోట్లయిన ఇంటర్‌ఛేంజ్‌ల దూరం ఇచ్చాక గళ్లు కుదురుకున్నాయి.

2031కి రెండు మ్యాపులు గీయించాను, 111 జీవో ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో కాలనీలు, పరిశ్రమలు రాకుండా 1996లో తెచ్చిన జీవో అది. 1908 మూసీ వరద తర్వాత కట్టుకున్న జలాశయాలవి. రెండో మ్యాపులో ఇళ్లను చూపే ఎర్ర గళ్లు మొయినాబాద్ దారి పట్టి నీటి అంచు దాకా పాకాయి. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రిపోర్టులో ఆ రెండింటినీ ఎదురెదురు పేజీల్లో పెట్టాను.