మూడు మాత్రలు, పప్పుల పొడి

గత ఏడాది శ్రావణంలో దగ్గు మొదలైంది. మా అనంతపురం గాలికి, దుమ్ముకు దగ్గు కొత్త కాదు. పెళ్లిళ్ల రోజులు కావడంతో రవికలు కుట్టే పనిలో పడి పట్టించుకోలేదు. నెల దాటాక సాయంత్రమైతే జ్వరం, రాత్రి తలగడ తడిసేంత చెమట. నా రవికలకే రెండుసార్లు లోపలికి కుట్లు వేసుకోవలసి వచ్చింది.

రెండు ప్రైవేటు ఆసుపత్రులు తిరిగాం. దగ్గు మందులు, మూడు రకాల యాంటీబయాటిక్‌లు, రక్త పరీక్షలు, చివరికి సీటీ స్కాన్. 31 వేలు అయ్యాయి. కమ్మలు తాకట్టు పెట్టాం. ఇన్ని రాసినవారు గళ్ల (కఫం) పరీక్ష మాత్రం రాయలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు చేయించాల్సిన పరీక్ష అది. మా వీధి ఆశా కార్యకర్త చిన్న డబ్బా నా చేతిలో పెట్టి, "పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తీయాలక్కా, ఉమ్మి పనికిరాదు" అంది. మరుసటి రోజే తెలిసింది: ఊపిరితిత్తుల క్షయ, మామూలు మందులకు లొంగే రకం. ఒక్క రూపాయి అడగలేదు.

మాత్రలూ ఉచితమే. ఎన్ని వేసుకోవాలో బరువును బట్టి నిర్ణయిస్తారు. నా 41 కిలోలకు రోజుకు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. అది మందు రంగేనని నర్సు చెప్పింది. "ఇంట్లో అందరూ తిన్నాకే మీరు తింటారా అమ్మా?" అని అడిగింది కూడా ఆమే. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. మిగిలిన సంగటిలో ఇంత చారు పోసుకుని లేచిపోయేదాన్ని.

తిండీ వైద్యమేనని ఆమె ఊరికే అనలేదు. జార్ఖండ్‌లో 2,800 మంది క్షయ రోగుల ఇళ్లలో మన దేశ పరిశోధకులు చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. రోగులందరికీ నెలనెలా ఆహారం ఇచ్చారు. కొన్ని ఇళ్లలో మిగతావారికీ బియ్యం, పప్పు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ బారిన పడటం 39 శాతం తగ్గింది. మొదటి 2 నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగులకు మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. రోగికిచ్చిన సరుకుల్లో వేయించిన శనగల పిండి ఉంది. మనం ఉగ్గాని మీద చల్లుకునే పప్పుల పొడి లాంటిదే! చెప్పగానే అత్తమ్మ ఒక సీసా నిండా కొట్టి పెట్టింది.

నాకు 5 శాతమంటే 2 కిలోలు. మొదటి నెల వాంతులతోనే సరిపోయింది. తర్వాత ఆకలి మొదలైంది. అర్ధరాత్రి లేచి చద్దన్నంలో పప్పుల పొడి కలుపుకుని తినేదాన్ని. సరిగ్గా అప్పుడే చేతిలో డబ్బు లేదు. రోగి తిండికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరులో నెలకు 500 నుంచి 1,000 రూపాయలైంది. నా ఖాతాలో మూడో నెలకు గానీ పడలేదు. మూడో నెలలో వచ్చిన డబ్బు మొదటి రెండు నెలల బరువును ఎలా పెంచుతుంది? అది మొదటి మాత్రతోపాటే అందాలి. స్కాన్‌కూ సిరప్‌లకూ పోయిన 31 వేలతో, గుడ్డు 7 రూపాయల లెక్కన, మా ఇంట్లో నలుగురికీ రోజూ రెండేసి చొప్పున ఏడాదిన్నర పెట్టవచ్చు. ఈ లెక్క వేసిన ప్రతిసారీ కడుపు రగిలిపోతుంది.

రెండో నెల చివర 43.5 కిలోలు తూగాను. ఆరు నెలలు ఒక్క రోజూ మాత్ర మానలేదు. చివరి గళ్ల పరీక్షలో క్రిమి కనబడలేదు. ఇప్పుడు 49 కిలోలు. రవికలకు వేసిన కుట్లు విప్పేశాను. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. ఈ నెల వడ్డీ కట్టాక మిగిలినదానితో గుడ్ల అట్ట తెచ్చాను.