నిప్పును దృష్టిలో పెట్టుకొని కట్టిన గిడ్డంగులు: లివర్‌పూల్ ఆల్బర్ట్ డాక్

లివర్‌పూల్‌లో మెర్సీ నది ఒడ్డున ఉన్న ఆల్బర్ట్ డాక్ అనే పాత ఓడరేవు గురించి మాట్లాడేవారు సాధారణంగా నీటి అంచున బారులు తీరిన ఆ ఎర్రని స్తంభాలనే తలుచుకుంటారు. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం ఆ గిడ్డంగుల నిర్మాణంలో నేలమట్టానికి పైన ఎక్కడా కలప దూలం గానీ, కలప స్తంభం గానీ వాడకపోవడం.

ఆనాటి గిడ్డంగులు ఎక్కువగా ఇటుక గోడల మధ్య కలప దూలాలు, పలకలు వేసి కట్టినవి. పత్తి, చక్కెర, బ్రాందీ, పొగాకు కిక్కిరిసిన అలాంటి చోట నిప్పు అంటుకుంటే దాన్ని అదుపు చేయడం దాదాపు అసాధ్యం. ఆల్బర్ట్ డాక్ పనులు 1841లో మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడే ఫార్మ్‌బీ వీధిలో చెలరేగిన మంటలు నగరంలోని గిడ్డంగులను పెద్ద ఎత్తున దహించాయి. 1824 నుంచి రేవు ఇంజనీరుగా ఉన్న జెస్సీ హార్ట్లీ అప్పటికే నమూనా కట్టడాలను తగలబెట్టించి, ఏ పద్ధతి మంటకు ఎంతవరకు తట్టుకుంటుందో పరీక్షించి, ఇటుక, రాయి, ఇనుము తప్ప మరేదీ వద్దని నిర్ణయించుకున్నాడు.

ఫలితం ఐదంతస్తుల కట్టడం. పోత ఇనుప దూలాల మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు కట్టి, అవి పక్కలకు తోసుకుపోకుండా ఇనుప కడ్డీలతో బిగించి, వాటిపైన నేల పరిచారు. మన పాత రైల్వే స్టేషన్లలో ఇనుప దూలాల నడుమ కనిపించే ఇటుక కమానుల కప్పు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. పైకప్పుకు కూడా కలప వాసాలు లేవు. ఇనుప రేకులను రివెట్లతో ఒకదానికొకటి బిగించి, ఆ రేకులే బరువు మోసేలా చేశారు. కలపకు చోటిచ్చింది ఒక్క పునాదిలోనే. మెత్తటి నేలలో బీచ్ (beech) అనే జాతి చెట్ల దుంగలను వేలాదిగా దిగగొట్టారు. నీటిలో మునిగి ఉన్న కలప అంత తొందరగా కుళ్లదు.

ఇక ఆ స్తంభాల సంగతి. ప్రాచీన గ్రీకు దేవాలయాల డోరిక్ శైలిని అనుకరించిన ఈ బోలు పోత ఇనుప స్తంభాలు సుమారు 15 అడుగుల ఎత్తుంటాయి. అక్కడక్కడ వాటి వరుసను విరిచి, ఒక వెడల్పాటి కమానును పైకి లేపారు. అది అలంకారమేమో అనిపిస్తుంది గానీ, క్రేను చేయి అడ్డు లేకుండా తిరగడానికి వదిలిన చోటు అది. ఓడలోని సరుకు నేరుగా గిడ్డంగిలోకే చేరేది కాబట్టి, ఒడ్డున రోజుల తరబడి పడి ఉండి దొంగల పాలయ్యే ప్రమాదం తగ్గింది. 1846 జులైలో ఆల్బర్ట్ యువరాజు ప్రారంభించిన ఈ రేవులో రెండేళ్లకే, నీటి ఒత్తిడితో పనిచేసే క్రేన్లు వచ్చాయి.

అంత దూరం ఆలోచించిన హార్ట్లీ కూడా ఓడలు ఎంత పెద్దవవుతాయో ఊహించలేకపోయాడు. తెరచాప ఓడలకు సరిపోయిన ఇరుకు ప్రవేశద్వారం పెద్ద ఆవిరి ఓడలకు చాలలేదు. 1972లో రేవు మూతపడి, ఒండ్రుతో పూడిపోయింది. 1980లలో దాన్ని బాగుచేసినప్పుడు, మొత్తంగా గట్టిగానే నిలిచిన ఆ ఇనుప చట్రాల మధ్య సముద్రయాన మ్యూజియం, 1988లో టేట్ కళాప్రదర్శనశాల వెలిశాయి. 2007లో బానిసత్వ చరిత్ర మ్యూజియం కూడా ఇక్కడే తెరిచారు. అమెరికాలో బానిసలు పండించిన పత్తిని దించుకుని సంపన్నమైన రేవులో ఆ మ్యూజియం ఉండడం ఎంతో సబబని నా నమ్మకం.