రంగు పడకముందు

మన ఐటీఐ పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి, చదువుకునే రోజుల్లో మేం బాగుచేసిన పాత లారీ సంగతి ఎత్తి, "లారీ గురించి మీరే రాయాలండీ" అన్నారు. మా బ్యాచ్‌లో కొందరు గల్ఫ్ వెళ్లారు, కొందరు రొయ్యల చెరువుల్లోకి దిగారు, ఒకాయన ఎల్‌ఐసీ ఏజెంటుగా స్థిరపడ్డాడు. నేను మాత్రం ఆర్టీసీ డిపో గ్యారేజీలో రిటైరయ్యేదాకా పానా వదల్లేదు. అందుకే నన్ను పట్టుకున్నట్టున్నారు.

రాస్తాను గానీ, రిపబ్లిక్ డే నాడు ఆ బండి గ్రౌండు చుట్టూ తిరిగిన వైభవం మాత్రం రాయను. అది అందరికీ తెలిసిందే. ఎర్ర రంగు, బంతిపూల దండలు, బానెట్ మీద జెండా. ఆ ఫోటో ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్ గారి గదిలో వేలాడింది. ఆ రంగేమో చివర్లో హడావిడిగా వేసింది. అంతకుముందు ఏడాదికి పైగా షెడ్డులో జరిగిన పనికి ఒక్క ఫోటో కూడా లేదు. నాకు చెప్పాలనిపించేది అదే.

అది 1960ల నాటి టాటా మెర్సిడెస్ బెంజ్. జంషెడ్‌పూర్‌లో రైలింజన్లు చేసే టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం ముగిసేదాకా ఆ లారీల ముక్కు మీద మూడు కొనల నక్షత్రమే. తర్వాత దాని చోట టాటా వారి 'టి' వచ్చింది. మా ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం నక్షత్రం పోయాక కూడా 'బెంజి లారీ' అనే పిలిచేవారు. మన బండిది ఆరు సిలిండర్ల 312 ఇంజను, 4,580 సీసీ. బానెట్ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. కంపెనీ నుంచి ఛాసిసూ ముందు ముక్కూ మాత్రమే వచ్చేవి. క్యాబినూ వెనక బాడీ ఇక్కడే, చెక్కతో కట్టించుకోవాలి.

గుంటూరు వైపు మిర్చీ పొగాకూ తోలి తోలి అరిగిపోయాక దాని యజమాని మన ఐటీఐకి ఊరికే ఇచ్చేశాడు. తుక్కు కింద అమ్మితే ఎంతొస్తుందో ఆయనకు తెలియక కాదు. వాళ్ల పెద్దబ్బాయి మనకంటే ముందు బ్యాచుల్లో ఇక్కడే చదివాడట. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చి వేపచెట్టు కింద వదిలారు. క్యాబిన్ చెక్కకి చెదలు, సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టిన ఆనవాళ్లు, టైర్లలో గాలి అన్నమాటే లేదు.

పాత లారీ మిగలడమే ఒక విచిత్రం. కారయితే ఎవరో ఒకరు ముచ్చటపడి షెడ్డులో దాచుకుంటారు. లారీని ఎవరు దాస్తారు? ఇంజను రైస్ మిల్లుకో చెరుకు గానుగకో పోతుంది, ఇరుసు ట్రాక్టరు తొట్టి కిందికి పోతుంది, కమాను బద్దలు కమ్మరి కొలిమిలో కొడవళ్లవుతాయి. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఒక పద్ధతి పెట్టింది. అది కూడా సొంత వాడకం బండ్లకే. బరువులు మోసిన వాటికి ఆ మర్యాద దక్కలేదు.

మేము 1984లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడులో చేరాం. పదో తరగతి పాసై, కొందరం గట్టెక్కి, వచ్చినవాళ్లం. వర్క్‌షాపులో మాకు దొరికింది సగానికి కోసిన ఇంజను. దాన్ని చేత్తో తిప్పితే పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతూ ముచ్చటగా ఉండేవి. ఎన్నిసార్లు విప్పి బిగించినా దానికి పోయేదేమీ లేదు, ఎందుకంటే అది ఎప్పటికీ స్టార్టవదు. నట్టు మిగిలిపోతే డ్రాయర్లో పడేసేవాళ్లం.

మా ఇన్‌స్ట్రక్టర్ గారికి ఆ అలవాటు నచ్చేది కాదు. లారీ రాగానే మమ్మల్ని దాని చుట్టూ నిలబెట్టి ఒకటే చెప్పారు. "ఒరేయ్, షెడ్డులోంచి బయటికెళ్లేవి మూడే. క్రాంకు గ్రైండింగుకి, బ్లాకు బోరింగుకి, డీజిలు పంపు క్యాలిబ్రేషన్‌కి. మిగతాదంతా మీ చేతుల మీదుగానే అవ్వాలి." విజయవాడ ఆటోనగర్లో ఇస్తే చేయి తిరిగిన మేస్త్రీలు చిటికెలో తేల్చేసేవాళ్లు. ఆ మాట స్టాఫ్ రూములోనే కొందరన్నారు కూడా. సార్ వినలేదు. బండి తిరగడం ఆయనకు అంత తొందరేమీ కాదు.

మొదట విప్పడం. ఆ పనిలోనే ఒక టర్మ్ గడిచిపోయింది. పాలపొడి డబ్బాలు ఇంట్లోంచి తెచ్చుకున్నాం. ఒక్కో డబ్బాలో ఒక్కో చోటి నట్లూ వాషర్లూ, పైన కాగితం అతికించి పేరు. పుష్ రాడ్లకు అట్టముక్కకు వరసగా బెజ్జాలు చేసి, ఏ సిలిండరుది ఆ బెజ్జంలో గుచ్చాం. కనెక్టింగ్ రాడ్ల క్యాపులు ఒకదానిది ఒకదానికి మారకూడదు. రాడ్డూ క్యాపూ కలిపి బోరు చేసినవి కనుక, మారితే బేరింగు సరిగ్గా కూర్చోదు. అందుకే విప్పేముందే రెండింటి మీదా పంచ్‌తో చుక్కలు కొట్టించారు.

ఇంజను పట్టేసి ఉంది. హెడ్ దించి చూస్తే నాలుగో సిలిండరులో తుప్పు. బండి ఆగిపోయినప్పుడు దాని ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. సైలెన్సరు గొట్టం ఆకాశం వైపు చూస్తోంది, వానలన్నీ నేరుగా అందులోకే దిగాయి. డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి, దాని మానాన దాన్ని వదిలేసి, రోజూ ఉదయం ఫ్లైవీలుకు గడ్డపార ఆనించి కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఊపేవాళ్లం. సుత్తి ముట్టుకోనివ్వలేదు. ఒకరోజు గడ్డపార పట్టుకున్న కుర్రాడు "సార్, కదిలింది" అన్నాడు. మేమెవ్వరం నమ్మలేదు. చాక్‌పీసుతో గీత గీసి మళ్లీ ఊపిస్తే గీత జరిగింది.

తర్వాత కొలతలు. 90 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు. పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల. ఒక్కో చోటా క్రాంకు వాటంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఒక్కొక్కరం బోరు గేజి దించి చూసి, పక్కవాడికి కనపడకుండా కాగితం మీద రాసి మడిచి ఇవ్వాలి. సార్ అన్నీ విప్పి చదివేవారు. ఎవరెవరివి ఎంతెంత తేడాగా ఉన్నాయో చెప్పేవారు తప్ప ఎవరిది రైటో చెప్పేవారు కాదు. మళ్లీ కొలవండి. గేజిని కాస్త వాల్చి అటూఇటూ ఆడిస్తే ముల్లు ఒకచోట వెనక్కి తిరుగుతుంది, ఆ తిరిగే చోటే అసలు కొలత. ఆ కిటుకు చేతికి వచ్చాక కాగితాలన్నీ ఒకే అంకె పలకడం మొదలుపెట్టాయి. అరుగుదల పైనే ఎక్కువగా ఉంది. పై రింగు ఆగి వెనక్కి మళ్లే చోటది, నూనె అందేది తక్కువ, మంట వేడి ఎక్కువ. సిలబస్ పుస్తకంలో ఆ వాక్యం ఎప్పుడో బట్టీ పట్టాం. వేలుతో తడిమితే అంచు తగిలినప్పుడు గానీ అర్థం కాలేదు.

హీటర్ ప్లగ్గుల గొడవ అన్నిటికంటే బాగా గుర్తుంది. ఈ ఇంజన్లో డీజిలు నేరుగా సిలిండర్లోకి పడదు. పక్కన చిన్న గదిలో ముందు అంటుకుని, ఆ మంట సిలిండర్లోకి తన్నుకొస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ గదిని వేడి చెయ్యడానికి సిలిండరుకో ప్లగ్గు. ఆరు ప్లగ్గులూ సిరీస్‌లో ఉంటాయి, డాష్‌బోర్డు మీద జాలీ వెనక ఉన్న చిన్న తీగచుట్ట కూడా అదే సర్క్యూట్లో. ఆ చుట్ట ఎర్రబడితే ప్లగ్గులు వేడెక్కినట్టు. మాది ఎర్రబడలేదు.

సిరీస్ కాబట్టి ఒక్కటి కాలిపోయినా అన్నీ చచ్చినట్టే. లావు తీగముక్క తీసుకుని ఒక్కో ప్లగ్గునూ దాటించుకుంటూ పోతే, పోయిన ప్లగ్గు దగ్గరికి రాగానే చుట్ట వెలగాలి. ఆరూ దాటించాం. వెలగలేదు. బ్యాటరీ అన్నారొకరు, స్విచ్చి అన్నారొకరు, తీగలన్నీ పీకి కొత్తవి వేద్దామన్నారు ఇంకొకరు. బ్యాటరీ బాగానే ఉంది, స్విచ్చీ బాగానే ఉంది. సార్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆరు ప్లగ్గులూ కొత్తవి కొంటే పీడా పోతుంది కదా అని మేమంతా అనుకుంటున్నాం. కైకలూరు నుంచి వచ్చే కుర్రాడు, థియరీ పేపరంటేనే టెన్షన్ పడేవాడు, నోరు విప్పి, "రెండు పోయుంటే?" అన్నాడు. రెండు పోతే ఒక్కదాన్ని దాటించి లాభం లేదు. ఒకదాని మీద తీగ ఉంచేసి, రెండో తీగతో మిగతావి చూడాలి. అలా జతలు మార్చుకుంటూ పోతే, రెండోదీ అయిదోదీ కలిసి దాటించినప్పుడు చుట్ట ఎర్రబడింది. సార్ గ్లాసు కింద పెట్టి, "మిగతా నాలుగూ బాగున్నాయా? అయితే రెండే కొందాం" అన్నారు. మెచ్చుకోలు అంతే.

ముప్ఫై ఏళ్ల పైచిలుకు సర్వీసులో మొండి కంప్లయింటు వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగింది ఆ కుర్రాడి ప్రశ్నే. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో కమిటీ వాళ్లకు కూడా ఆచూకీ లేదు. ఇది చదివిన వాళ్లెవరికైనా తెలిస్తే చెప్పండి.

మిగతా పనికి మిగతా ట్రేడులన్నీ తలో చెయ్యీ వేశాయి. కమాను పిన్నులకు బుష్షులు టర్నర్లు చేసిచ్చారు. ఛాసిస్ పగుళ్లు వెల్డర్లు అతికారు. క్యాబిన్ చెక్కపని కార్పెంటరీ వాళ్లది. వాళ్లు మా కొలతల్ని నమ్మక మళ్లీ తామే కొలుచుకున్నారు. తలుపుల బీడింగు పాత ట్యూబులు కోసి వేశాం. బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు మాత్రం సార్ గాలి కొట్టనివ్వలేదు, తడిగుడ్డతో తుడిపించారు. ఆ రోజుల్లో లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. గాలి కొడితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తర్వాత నేను చూసిన చాలా షెడ్లలో ఆ జాగ్రత్త లేదు.

నా మేనకోడలి కూతురు అమెరికాలో మిషిగన్‌లో హైస్కూలు చదువుతోంది. వాళ్ల బడిలోనే ఆటో షాప్ అని ఒక క్లాసు. 1950ల నాటి షెవర్లే పికప్‌ను పిల్లలంతా కలిసి బాగు చేస్తున్నారు. మొన్న వీడియో కాల్లో చూపించింది. ఆ బండికి తలుపు రబ్బరు దగ్గర్నుంచి మడ్‌గార్డు దాకా పాత నమూనాలోనే కొత్తగా చేసి అమ్ముతారట, క్యాటలాగు చూసి తెప్పించుకోవడమే. అసూయ పడలేదంటే అబద్ధం. కానీ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, అడిగితే "ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. మాదీ అదే. ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఆడుతున్నప్పుడు ఒకటోదాని టాపెట్లు, అంటే వాల్వుల సందు, సెట్ చెయ్యాలి, రెండోది ఆడుతుంటే అయిదోది, నాలుగోది ఆడుతుంటే మూడోది. ఆ పిల్లా నేనూ దాని మీదే చాలాసేపు మాట్లాడుకున్నాం. వాళ్లమ్మకు విసుగొచ్చి ఫోన్ లాక్కుంది.

బండి స్టార్టయిన రోజు నేను దాన్ని చూడలేదు. అక్కడే ఉన్నాను, చూడలేదు. పంపు క్యాలిబ్రేషన్ నుంచి కొత్తగా వచ్చింది. లోపల డీజిలు ఎంత పడాలో చూసే ర్యాక్ ఇరుక్కుంటే డీజిలింజను ఆపినా ఆగకుండా పరుగెత్తి ముక్కలైపోతుంది. అందుకని గాలి పీల్చే గొట్టం దగ్గర చెక్కపలక ఇచ్చి నన్ను నిలబెట్టారు. "నేను ముయ్యి అంటే ముయ్యాలి. అటూఇటూ చూశావో, తాట తీస్తా" అన్నారు. హ్యాండ్ ప్రైమరు కొట్టి, బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగలు పోయేదాకా గాలి తీశారు. ప్లగ్గులు వేడెక్కాయి. వెనక నుంచి దగ్గు, తెల్లపొగ వాసన, మళ్లీ దగ్గు, తర్వాత ఈలలు, కేకలు. నా కళ్లు గొట్టం మూతి మీదే. ముయ్యమని ఎవరూ అనలేదు. చివరికి ఎవరో భుజం తడితే తిరిగి చూశాను, అందరూ చేతులు దులుపుకుంటున్నారు.

ఇక రంగు. లప్పం, రెడ్ ఆక్సైడ్, నీళ్ల ఎమెరీ కాగితం, ఇవన్నీ మామూలే. వెనక ఏం రాయాలన్న దాని మీద రెండు పార్టీలయ్యాం. 'నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది' అన్నవాళ్లు గెలిచారు. సార్ అందులో కలగజేసుకోలేదు. ఇంజను మీద మాత్రం రంగు వెయ్యనివ్వలేదు. కొత్త రంగు కింద ఆయిలు ఎక్కడ కారుతోందో ఓ పట్టాన తెలీదని ఆయన వాదన.

ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తు చేస్తున్నానంటే, పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి లారీని మళ్లీ ముస్తాబు చేద్దామని కమిటీ ఒక అంచనా వేసింది. అందులో మెటాలిక్ పెయింటుంది, ఎల్‌ఈడీ లైట్లున్నాయి, సౌండ్ సిస్టమ్ ఉంది. ఇంజను పేరు లేదు. పోయిన నెల వెళ్లి చూసొచ్చాను. టార్పాలిన్ కింద బాగానే ఉంది, క్రాంకు తిరుగుతోంది, కంప్రెషన్ తెలుస్తోంది. ఇప్పటి పిల్లలు స్కానరు పెట్టి బీఎస్-6 బండి కోడ్లు చదువుతున్నారు. ఈ బండికి స్కానరు ఎక్కడ గుచ్చాలని ఒకడు అడిగాడు. కుర్రాడు చురుకైనవాడే, వాడి చేతికి బోరు గేజి ఇద్దామనుంది. నా వంతు చందా ఇస్తాను గానీ ముందు ఇంజనుకు ఖర్చు పెట్టాలి, పని ఆ పిల్లలే చెయ్యాలి. ఆదివారాలు నేను వస్తాను.

కావలసింది ఒక్కటే దొరకడం లేదు, డాష్‌బోర్డు మీది ఆ హీటర్ ఇండికేటరు. ఎవరో పీక్కుపోయారు. ప్లగ్గులైతే ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో దొరికేలా ఉన్నాయి. మీ ఊళ్లో పాత బెంజి ఇంజనుతో నడిచిన రైస్ మిల్లో గానుగో మూలపడి ఉంటే, స్విచ్చి పక్కన చెక్కకు బిగించిన చిన్న జాలీ ఉందేమో చూడండి. అది లేకపోతే సర్క్యూటు పూర్తికాదు కాబట్టి, ఇంజనుతో పాటు దాన్నీ తెచ్చి అక్కడ పెట్టి ఉండొచ్చు. చుట్ట తెగినా ఫర్వాలేదు, చుట్టించుకుంటాం. విప్పేముందు యజమానిని అడగండి.